చక్కెర పేర్ల హన్మవ్వ

కాముని పున్నమి మరునాడు పొద్దున్నే ఎల్లారెడ్డిలో కనీసం ఇరవై మంది మగవాళ్లు చెంబు పట్టుకొని, రోజూ పోయే చోటికి పోకుండా ఇంకా దూరం పోయారు. ఒకరు పోయిన సంగతి ఒకరికి తెలియదు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. మా ఇంటి వెనుక కూలిన బురుజు గోడ ఒకటుంది. దాని చాటుకు పోయి కూర్చొని చూసుకుంటే, మూత్రం దానిమ్మ రసంలా ఎర్రగా పడింది.

నాకప్పుడు నలభైకి రెండు తక్కువ. తహసీలు కచేరీ అరుగు మీద కూర్చొని అర్జీలు రాసేవాణ్ణి. ఊరందరి గుట్టూ నా కలం కింద నుంచే పోయేది గనుక, గుట్టు బయటపడితే ఊరు ఎట్లా నవ్వుతుందో నాకు బాగా తెలుసు. ఏ తప్పూ చేయనివాడికి కూడా అటువంటి ఘడియలో ఏదో ఒక తప్పు గుర్తుకు వస్తుంది. నాకు కామారెడ్డి సరాయిలో ఎవడిదో దుప్పటి కప్పుకొని పడుకున్న సంగతి గుర్తుకు వచ్చింది. తిరిగి వస్తుంటే మా పక్కింటి బాలయ్య ఎదురయ్యాడు. అతని పొలం ఆ దిక్కున లేదు. ఇటెందుకు వచ్చావని నేనడగలేదు, అతనూ నన్నడగలేదు. ఎండలు ముదిరాయని ఇద్దరం ఒప్పుకొని ఎవరి దారిన వాళ్లం పోయాం.

ఇంటికి వచ్చి సబ్జా గింజలు నానబోసుకున్నాను. నా భార్య అప్పటికే ఒక గిన్నెడు నానబోసుకొని తాగుతున్నది. ఉడుకు చేసిందన్నది. ఉడుకే అన్నాను.

పిల్లలు మాత్రం దాచలేదు. వీధిలో వరసగా నిలబడి, ఎవరి గీత ఎక్కువ దూరం ఎర్రగా పడుతుందో పందెం వేసుకున్నారు. సిగ్గులేని మాటలేమిట్రా అని పెద్దలు వాళ్ల వీపులు పగలగొట్టారు. రంగులాడిన మరునాడు నేలంతా ఎర్రగానే ఉంటుంది గనుక ఎవరూ వంగి చూడలేదు.

ఈ సిగ్గు నాలుగు దినాలు సాగింది. ఆ నాలుగు దినాలు ఎవరికి ఎంత బరువయ్యాయో తెలియాలంటే హన్మవ్వ సంగతి చెప్పాలి.

హన్మవ్వ మా వీధి చివర ఉండేది. చక్కెర పేర్లు పోసి అమ్మేది. మా దిక్కున కాముని పున్నమి నాడు పిల్లల మెడలో చక్కెర పేరు వేయాలి. పేరంటే దండ. పూలకు బదులు చక్కెర బిళ్లలుంటాయి. చెక్క అచ్చులో దారం పరిచి, పైన రెండో చెక్క మూసి తాడుతో బిగించి, సందుల్లోంచి కాగిన పాకం పోస్తే, చల్లారాక దారాన్ని పట్టుకొని బిళ్లలన్నీ ఒక్కసారి బయటికి వస్తాయి. పిల్లలు దాన్ని మెడలో వేసుకొని రంగులాడుతూ, అందిన బిళ్లనల్లా కొరుకుతూ తిరుగుతారు. తొలి పండుగ పిల్లలకైతే ఆ పేరు అమ్మమ్మ ఇంటి నుంచే రావాలి.

ఆ అచ్చులు హన్మవ్వ అత్తవి. పెండ్లయి వచ్చిన తొలి ఏడే కోడలి చేతికి గరిటె ఇచ్చి, పాకంలో రెండు చుక్కల పాలు వేస్తే మురికి ఎట్లా పైకి తేలుతుందో చూపించిందట. తరువాత అత్త పోయింది, పెద్ద జ్వరాల ఏడు భర్త పోయాడు. మిగిలింది ఒక్క కూతురు భూమక్క. ఏడాదిలో పది నెలలు నాట్లకూ కలుపుకూ పోయి, పండుగ ముందర రెండు నెలలు పొయ్యి దగ్గర కూర్చొని, ఆ పిల్లను పెంచి బీబీపేటలో ఇచ్చింది. రంగుకు ఆమె మోదుగుపూలు తెచ్చుకునేది. తల్లీకూతుళ్లు అడవికి పోయి ఒడి నిండా ఏరుకొచ్చి కాస్తే చిక్కటి కషాయం దిగేది. అయితే చక్కెరలో పడేసరికి అది లేత పసుపై పోయేది. మూడు ఎండలు తగిలితే అదీ ఉండేది కాదు.

చాలా ఏండ్లు ఎవరూ తప్పు పట్టలేదు. నిజాంసాగరు కట్ట పూర్తయిన కొన్నేండ్లకు, కామారెడ్డి స్టేషనులో దిగే సరుకుతో పాటు ఎర్రటి పేర్లు రావడం మొదలైంది. కాకర పండు గింజల్లాంటి ఎరుపు. అవి చూసిన కండ్లకు హన్మవ్వ పేర్లు రోగిష్టివిగా కనిపించాయి. కామెర్ల పేర్లని పిల్లలు పేరు పెట్టారు. తరువాత తల్లులూ అన్నారు. నీ పేరుకు పసరు పోయించరాదా హన్మవ్వా అని బాలయ్య భార్య చంద్రవ్వ అడిగితే, ఆమె కూడా నవ్వింది. ఇంటికి పోయి ఏం చేసిందో మనకు తెలియదు.

అదే ఏడు, పెండ్లయిన తొమ్మిదేండ్లకు భూమక్కకు కొడుకు పుట్టాడు. సిద్దిరాములని పేరు పెట్టారు. బారసాలకు పోయిన హన్మవ్వతో వియ్యపురాలు లింగవ్వ ఒక మాటన్నది. లింగవ్వ మంచిదే, నోరే ముందు పోతుంది.

"వదినె, మా పిలగానికి తొలి పండుగ. పేరు జర ఎర్రగ తేవాలె. నీ పచ్చటిది ఎవ్వలు జూస్తరు?"

తెస్తానన్నది హన్మవ్వ.

మాఘమాసంలో బండెక్కి కామారెడ్డి పోయింది. అక్కడ యాకూబు అని నూలుకు రంగు అద్దేవాడు ఉండేవాడు. అతని వాకిట్లో కూర్చొని సగం పూట చూసిందట. ఎర్రటి నూలు చిలపలను, అంటే నూలు చుట్టలను, తొట్టిలో ఉతికి, పిండి, మళ్లీ ఉతికితే నీళ్లలోకి ఒక్క చుక్క ఎరుపు దిగలేదు.

"గీ రంగు ఎన్నిసార్లు పిండినా పోదా?" అని అడిగింది.

"పోదవ్వా. చీర చినుగుతది గని రంగు పోదు. పక్కా రంగు."

"తింటే?"

యాకూబు చేతులు తుడుచుకున్నాడట. "నూలుకేసుడు నాకెరుక. కడుపుల ఏమైతదో నాకెరుక లేదవ్వా. నేనైతే నా బిడ్డకు పెట్ట."

అతను మంచిమాటే చెప్పాడు. కానీ హన్మవ్వ లెక్క వేరు. పేర్ల పనిలో ఆమెకు తెలిసిన చెడ్డ రంగు ఒక్కటే, కారే రంగు. కారితే చేతికంటుతుంది, గుడ్డకంటుతుంది, కాబట్టి కడుపుకూ అంటుతుంది. కారనిది దేనికీ అంటదు. నూలునే వదలని రంగు పేగును ఎట్లా పట్టుకుంటుంది, ఎట్లా లోపలికి పోయిందో అట్లా బయటికి వస్తుంది అని ఆమె నాకు వివరించి చెప్పింది. చక్కెర నూలు కాదని ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు. బాగా ఆలోచించావన్నాను.

అప్పుడే ఆమె కొంగులోంచి కామారెడ్డిలో కొన్న రంగు ఉన్న చిన్న రేకుడబ్బా తీసి నా చేతికిచ్చింది. దాని మీద గుర్రం బొమ్మ, కింద సీమ దొరల అక్షరాలు నాలుగు వరసలు. "తమ్మీ, ఏం రాసిండ్రో జూడు," అన్నది. నాకు తెలుగొస్తుంది, ఉర్దూ వస్తుంది. ఆ అక్షరాలు ఒక్కటీ రావు. కానీ అరుగు మీద అప్పుడు అర్జీలకు వచ్చిన వాళ్లు ఐదారుగురున్నారు. డబ్బాను కంటికి దగ్గరగా పెట్టుకొని, దూరంగా పెట్టుకొని, రంగు మంచిదనీ చాలా కాలం ఉంటుందనీ రాసి ఉందన్నాను. ఆమె డబ్బాను కండ్లకద్దుకొని తీసుకుపోయింది.

ఆ నెలంతా హన్మవ్వ గోళ్లు ఎర్రగా ఉండేవి. ఈ వయసులో గోరింటాకేమిటి హన్మవ్వా అని ఆట పట్టించాను. సిగ్గుపడి చేతులు కొంగులో పెట్టుకుంది. పొయ్యి దగ్గర విరిగిన ముక్కలు నోట్లో వేసుకునే ఆమెకు అప్పటికే మూత్రం ఎర్రగా వస్తున్నదట. పొద్దంతా పొయ్యి సెగకు కూర్చుంటున్నాను, ఉడుకు అనుకుందట. ఎవరికీ చెప్పలేదు.

పండుగ వచ్చింది. ఆ ఏడు హన్మవ్వ పేర్లకు మా వీధివాళ్లు పొద్దు పొడవకముందే వాకిట్లో నిలబడ్డారు. పెద్దవాళ్లు కూడా, పిల్లల కోసమని కొని, సగం తామే తిన్నారు. మా ఇంట్లో పిల్లలు లేరు. అయినా రెండు పేర్లు కొన్నాం. అన్నిటికంటే పొడుగుది, అన్నిటికంటే ఎర్రది హన్మవ్వ విడిగా గుడ్డలో చుట్టుకొని బీబీపేట పోయింది.

ఆ దినం గురించి ఆమె తరువాత చాలాసార్లు చెప్పింది. వాకిట్లో అందరి ముందర సిద్దిరాములు మెడలో పేరు వేసిందట. తొమ్మిది నెలల పిల్లవాడు, కింద రెండే పండ్లు. ఆ రెండు పండ్లతో బిళ్లను గీకి, మూతంతా ఎర్రగా చేసుకొని నవ్వాడట. లింగవ్వ వాడకట్టులోని ఆడవాళ్లనందరినీ పిలిచి చూపించింది. ఇంత ఎరుపు ఏం రంగు వదినె అని అడిగింది. అంతమందిలో, నూలుకేసే రంగని చెప్పడానికి హన్మవ్వకు నోరు రాలేదు.

"మోదుగుపూలదే వదినె. చిక్కగ కాసిన."

హన్మవ్వ మరునాడు తిరిగి వచ్చింది. పేరును లింగవ్వ ఉయ్యాల తాడుకు కట్టింది, మనుమడు ఎన్ని దినాలంటే అన్ని దినాలు చీకుతాడని.

ఇక్కడ మేం గోడల చాటున తిరుగుతున్నాం.

నాలుగో దినం పొద్దున మంగలి మైసన్న బాలయ్యకు గడ్డం చేస్తున్నాడు. సగం గడ్డం అయ్యేలోగా బాలయ్య రెండుసార్లు లేచి చెంబు పట్టుకొని పోయి వచ్చాడు. మూడోసారి లేస్తుంటే మైసన్న కత్తి ఆపి, గొంతు తగ్గించి, "బాలన్నా, నీకు గూడనా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. నీకూ, నాకూ, వాడికీ అనుకుంటూ వీధి వీధంతా బయటపడింది. బాలయ్య అప్పటికే ఎల్లమ్మకు మేకను మొక్కుకున్నాడు. నా భార్య తనకు ఆడరోగమేదో వచ్చిందని, నేను ఇంకో పెండ్లి చేసుకుంటానని నాలుగు దినాలుగా ఏడుస్తున్నదట. అందరికీ ఒకటే రోగమైతే అది రోగం కాదని తేలిపోయి, కడుపులు పట్టుకొని నవ్వాం. పేర్లవల్లే అని చంద్రవ్వ కనిపెట్టింది. అప్పటికి అందరికీ రంగు పలచబడింది కూడా.

హన్మవ్వ వాకిట్లో నిలబడి వింటున్నది. ఆమె నవ్వలేదు.

"పసిపోరనికి గూడ గిట్లనే పోతదా?" అని అడిగింది.

మాకు పోయింది గదా అని ఎవరో అన్నారు. ఆమె ఇంటికి తాళం కూడా వేయకుండా బండి కోసం పోయింది.

బీబీపేటలో కూతురింట్లో ఎవరూ లేరు. ముందటి దినం నుంచి పిల్లవాడికి వాంతులు, బేదులు. గుడ్డలు ఎర్రగా ఉంటే నెత్తురు పోతున్నదని భయపడి కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఉయ్యాల తాడుకు పేరు దారం వేలాడుతున్నది. దానికి రెండు బిళ్లలు మిగిలాయి.

దవాఖాన చేరేసరికి పిల్లవాడి కండ్లు లోపలికి పోయాయి. డాక్టరు ఏం తిన్నాడని అడుగుతున్నాడు. తల్లిపాలేనని, చక్కెర పేరు చీకాడని భూమక్క చెప్పింది. అందులో ఏం రంగు వేశారని డాక్టరు అడిగాడు.

లింగవ్వ వెంటనే, "మా వదినె చేతిది సారూ. మోదుగుపూలది," అన్నది.

డాక్టరు హన్మవ్వ దిక్కు తిరిగాడు. అది నూలు రంగని చెప్పడానికే ఆమె రెండూర్లు దాటి వచ్చింది. దారి పొడుగునా బండిలో ఆ మాటే అనుకుంటూ వచ్చిందట. తీరా లింగవ్వ తన ముఖం చూస్తుండగా, అల్లుడు చూస్తుండగా, చేతులు కొంగులోకి పోయాయి.

"అవు సారూ. మోదుగుపూలదే."

మూడోనాడు పొద్దున సిద్దిరాములు పోయాడు.

ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఎండలకు కాలువ నీళ్లు తాగిన పసిపిల్లలు చాలామంది అట్లాగే పోయారు. లింగవ్వే ఆమెను పట్టుకొని, నువ్వు తెచ్చిన పేరే వాడు ఆఖరుకు కడుపారా తిన్నాడు వదినె అని ఏడ్చిందట. ఆ మాటను హన్మవ్వ ఎట్లా మోసిందో నాకు తెలియదు.

పదిహేను దినాల తరువాత ఆమె నా అరుగు దగ్గరికి వచ్చింది. డబ్బా నా ముందు పెట్టి, మళ్లీ చదవమన్నది. ఆ దినం కూడా అరుగు మీద మనుషులున్నారు. నాకు ఈ అక్షరాలు రావు హన్మవ్వా, ఆ దినం కూడా రావు అని చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "గట్లనా," అని డబ్బా తీసుకుంది.

ఇద్దరం కామారెడ్డి పోయి డాక్టరుకు చూపించాం. హన్మవ్వ తానే అంతా చెప్పింది, అబద్ధంతో సహా. ఆయన డబ్బా తిప్పి చదివాడు. నూలుకూ, జనపనారకూ, తోలుకూ అని రాసి ఉందన్నాడు. బొగ్గును కాస్తే వచ్చే తారు నుంచి ఈ రంగులు తీస్తారట. కొన్నింటిని తిండిలో కలపవద్దని సీమలో కట్టడి చేశారట. కొన్నింటి సంగతి ఇంకా అక్కడివాళ్లకే తేలలేదట. ఇది ఏ రకమో డబ్బా మీద లేదట.

"గీ రంగుతోనే సచ్చిండా సారూ?"

చెప్పలేనన్నాడు. ఆ వారంలో ఏ రంగూ తినని పిల్లలు కూడా అట్లాగే వచ్చారన్నాడు. ఆ దినమే నిజం చెప్పి ఉంటే బతికేవాడా అని అడిగింది. ముందు కడుపు కడిగించి ఉండేవాణ్ణి, తరువాత ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. నెమ్మదిగానే చెప్పాడు. తిరుగు బండిలో హన్మవ్వ ఒక్కటే మాటన్నది. నువ్వే చంపినవ్ అన్నా బాగుండు తమ్మీ అని.

డాక్టరు చెప్పనిది తన కడుపును అడుగుదామనుకుంది. అమ్ముడుపోక మిగిలిన ఎర్ర పేర్లు నాలుగుంటే, దినానికి రెండు బిళ్లలు తినడం మొదలుపెట్టింది. తనకేమైనా అయితే రంగు చంపినట్టు, కాకపోతే కాదన్నట్టు. పొద్దున్నే కచేరీ దారిన పోతూ, అరుగు ముందర ఆగి, ఎంతమందున్నా సరే, "తమ్మీ, ఇయ్యాల గూడ ఎర్రగనే," అని చెప్పేది. ఊరంతా గోడల చాటున దాచుకున్న మాటను ఆమె నడిబజారులో చెప్పేది. వినేవాళ్లు తలలు దించుకునేవారు. కొందరు ముసలిదానికి మతి పోయిందన్నారు. తినవద్దని నేను చెప్పాను, నా భార్య చెప్పింది. నీ కడుపు వేరు, పసికందు కడుపు వేరు అని చెప్పాను. తెలుసు అనేది.

వానలు పడేనాటికి పేర్లు అయిపోయాయి. ఆమెకు తలనొప్పి కూడా రాలేదు.

"నాకేం గాకపాయె తమ్మీ. గదీ అక్కరకు రాకపాయె," అన్నది.

మరుసటి ఏడు రంగు లేకుండా తెల్ల పేర్లే పోద్దామని కూర్చుంది. పాకం పోసి అచ్చు విప్పితే బిళ్లలు గులాబీ రంగులో వచ్చాయి. చెక్క రంగును తాగింది. బూడిద నీళ్లలో ఉడకబెట్టింది, వాగు ఇసుకతో తోమింది, ఎండలో పెట్టింది. మూడుసార్లు పోసినా మూడుసార్లూ అదే గులాబీ. పక్కా రంగు. కామునికి కట్టెలు అడుక్కుంటూ పిల్లలు వాకిట్లోకి వస్తే, అత్తనాటి అచ్చులన్నీ వాళ్ల చేతుల్లో పెట్టింది. అంత మంచి కట్టె ఇచ్చినందుకు పిల్లలు ఆమె పేరు చెప్పి కేకలు వేసుకుంటూ పోయారు. ఆ తరువాత ఆమె ఏడాది పొడుగునా కూలికే పోయింది. బీబీపేట మాత్రం పోలేదు. భూమక్కకు మళ్లీ కడుపు పండలేదని కబురు మాత్రం వచ్చేది.

మొన్న చలికాలం హన్మవ్వకు జ్వరం పట్టుకుంటే భూమక్క వచ్చి పది దినాలుంది. జ్వరం దిగిన పొద్దున, ఇక దాచలేక, తల్లి కూతురితో చెప్పింది. ఆ సంగతి హన్మవ్వే వచ్చి నా అరుగు మీద కూర్చొని చెప్పింది.

"బిడ్డా, గది మోదుగుపూల రంగు గాదే," అన్నదట.

భూమక్క జావ కలుపుతున్నది. చేయి ఆగలేదట. "ఎరుకనే అవ్వా."

"ఎప్పటి సంది?"

"దవఖాననే. నీ గోర్లు జూసిన. మోదుగుపూలు గోరుకు పట్టయి. చిన్నప్పటి సంది నీతోని కాసినదాన్ని, నాకెరుక లేదా?"

"మరి డాక్టరుకు జెప్పకపోతివి."

భూమక్క జావ గిన్నె తల్లి ముందర పెట్టి, గరిటె కడిగి వచ్చిందట. అప్పుడు చెప్పిందట.

"అత్త ముంగట నీ ఇజ్జత్ పోతదని."

హన్మవ్వ గోళ్లు ఎప్పుడో పెరిగి తెల్లబడ్డాయి. అయినా నా అరుగు మీద ఇది చెప్పినంతసేపూ చేతులు కొంగులోనే పెట్టుకుంది.